బాటనీ ఎందుకు నడపాలి?

జూన్ 9, సోమవారం

దండ నా చేతే వేయించారు.

సెక్రటరీ వెంకటరాయప్ప గారి ఆలోచన అది. "కాలేజీకి పెద్దదిక్కు మీరే కదమ్మా, మీరు వేస్తేనే అందంగా ఉండాది" అన్నాడు. రెండేళ్ళు ప్రిన్సిపాల్ ఇన్‌చార్జిగా ఈ కాలేజీని మోసినదాన్ని నేను. ప్రతి కాగితం మీదా సంతకం చేసి, కింద చిన్న అక్షరాలతో 'ఇన్‌చార్జి' అని రాసుకున్నదాన్ని నేను. ఈ జూన్‌లో ఆ మాట తీసేస్తారని చుట్టాలందరికీ ముందే చెప్పుకున్నదాన్నీ నేనే. తీసేశారు. మాటతో పాటు నన్నూ తీసేశారు.

వచ్చింది ఎవరో బయటి పెద్దమనిషి అయితే సరిపెట్టుకునేదాన్ని. వచ్చింది జెస్సీ. ఒకప్పుడు మా బాటనీ డిపార్ట్‌మెంట్‌లో గెస్ట్ లెక్చరర్‌గా చేరి, క్లాసులో ఎలా నిలబడాలో నా పాఠాల్లో వెనక బెంచీలో కూర్చుని నేర్చుకున్న గుంటూరు పిల్ల. 'అక్కా అక్కా' అంటూ నా డబ్బాలో పులిహోర తిన్న పిల్ల. తర్వాత పీహెచ్‌డీ అంది, ఢిల్లీ అంది, ఇప్పుడు ఏకంగా నా నెత్తి మీదికే వచ్చి కూర్చుంది. ఏకు మేకయిందంటే ఇదే.

దండ వేశాను. నవ్వాను కూడా. ఫోటోలో నవ్వు బాగానే వచ్చింది.

నాకు అసూయ లేదు. అన్యాయం జరిగిందని బాధ, అంతే.

జూన్ 10, మంగళవారం

ప్రిన్సిపాల్ కుర్చీ మీద తెల్ల టర్కీ టవల్ ఉండేది. అటెండరు అంజినమ్మ వారం వారం ఉతికి వేసేది. నేను ఇన్‌చార్జిని కదా అని ఆ కుర్చీ ముట్టుకోకుండా పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పని చేశాను. అసలు ప్రిన్సిపాల్‌నయ్యాకే అందులో కూర్చుందామని నా పట్టు. జెస్సీ వచ్చీ రాగానే "ఇదెందుకక్కా, ఉక్కపోత" అని టవల్ తీసి అంజినమ్మ చేతిలో పెట్టింది. ఏమీ ఆలోచించకుండా కూర్చుంది.

కూర్చోవడం అంత తేలికని నాకు తెలియదు.

జూన్ 12

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ వచ్చిన మనిషికి చెప్పకూడదనుకుంటూనే ఓంకార్‌కి అంతా చెప్పాను. "కడుపులో మంటగా ఉంటే మజ్జిగ తాగు" అన్నాడు మా ఆయన. తాగలేదు.

జూన్ 27, శుక్రవారం

అడ్మిషన్ల మీటింగు. అందరికీ కంప్యూటర్లు కావాలి, కామర్స్ కావాలి. డిగ్రీని ప్రభుత్వం నాలుగేళ్ళు చేసి, మళ్ళీ మూడేళ్ళు చేసేసరికి పిల్లలకి సగం నమ్మకం పోయింది. మిగతా సగాన్ని చుట్టూ లేచిన కొత్త యూనివర్సిటీల బోర్డులు లాగేసుకున్నాయి. మా బాటనీలో మొదటి ఏడాదికి ఆరుగురు చేరారు.

వెంకటరాయప్ప గారు లెక్క తీశాడు. "ఆ ల్యాబు జాగాలో ఏఐ కోర్సు పెడితే అరవై మంది క్యూలో ఉండారు. అవునా కాదా మీరే చెప్పండప్పా" అన్నాడు.

నేను నోరు తెరిచే లోపల జెస్సీ అందుకుంది. చిన్న డిపార్ట్‌మెంట్లు మూసుకుంటూ పోతే కాలేజీ ట్యుటోరియల్ అవుతుందంది. సర్జాపుర చెరువు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి కాబట్టే అక్కడి గడ్డి పేరు తెలిసినవాళ్ళు కావాలంది. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చి కన్నడలో ముగించింది. స్టాఫ్ అంతా తలలూపారు. బాటనీ హెడ్‌ని నేను. నా డిపార్ట్‌మెంట్ గురించి నా ముందు ఆమె మాట్లాడితే నేను కూడా తల ఊపాల్సి వచ్చింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. చూద్దాం, ఈ ఉత్సాహం ఎన్నాళ్ళో.

జూలై 17, గురువారం

ఆ ఆరుగురిలో జ్యోతిని పట్టుకొచ్చింది నేను. పీయూసీ కాలేజీకి, అంటే ఇంటర్ పిల్లలకి, ఉపన్యాసానికి వెళ్ళినప్పుడు, తుమ్మిమొక్క పువ్వు చేతిలో పెడితే ఏ కుటుంబమో చెప్పిన పిల్ల. వాళ్ళ నాయన తిరుపాలు కదిరి నుంచి వచ్చిన మేస్త్రీ. సర్జాపుర రోడ్డులో ఏ అపార్ట్‌మెంట్ కడుతుంటే దాని పక్క రేకుల షెడ్డులో కాపురం. అడ్మిషన్ రోజు కాలేజీకి పిలిపిస్తే, ఆడపిల్ల చదువంటే నసిగాడు. "బస్సు మారే పని లేకుంటే పంపిస్తాం మేడమ్. ఈ కాలేజీ అయితే నడిచి పోయేస్తాది" అన్నాడు చివరికి.

మొదట్లో రోజూ దారిలో కోసుకొచ్చిన ఆకేదో నా టేబుల్ మీద పెట్టేది. ఈ వారం నా టేబుల్ మీద ఆకుల్లేవు. జెస్సీ వారానికొక క్లాసు తనే తీసుకుంటోంది. ప్రిన్సిపాల్‌కి క్లాసు ఎందుకో. మధ్యాహ్నం చూస్తే ప్రిన్సిపాల్ గది గుమ్మంలో జ్యోతి, చేతిలో ఏదో తీగ. ఇద్దరూ దాని మీదికి వంగి ఉన్నారు.

పిల్లలు ఎవరి దగ్గరికైనా వెళ్ళొచ్చు. నేనేం పట్టించుకోలేదు.

జూలై 18

ఈ రోజూ ఆకు లేదు.

ఆగస్టు 6, బుధవారం

అసైన్‌మెంట్లన్నీ ఫోన్లే రాస్తున్నాయి. ముప్పై మంది పేపర్లలో ఒకటే వాక్యం, ఒకటే కామా. అన్ని డిపార్ట్‌మెంట్లూ తలలు పట్టుకున్నాయి. జెస్సీ కొత్త ఏర్పాటు చేసింది. ఇంటి చుట్టుపక్కల మొక్కని చూసి చేత్తో బొమ్మ గియ్యాలి, అది ఎక్కడ మొలిచిందో, ఇంట్లోవాళ్ళు దాన్ని ఏమంటారో రాయాలి. బొమ్మలు కారిడార్ గోడకి అంటించారు. జ్యోతి గీసిన ఉత్తరేణి నిజంగా బాగుంది. కింద, వాళ్ళ అవ్వ దాని పుల్లతో పళ్ళు తోముకునేదని రాసింది.

అందరూ జెస్సీ ఐడియా అంటున్నారు. ఆ పద్ధతి నాది. ఫోన్లు లేని రోజుల్లో నేను మొదలుపెట్టింది. ఆమెకి నేర్పిందే నేను. గోడ ముందు నిలబడి హేమలత, మా కామర్స్ హెడ్, "ప్రిన్సిపాల్ బుర్ర భలే బుర్ర కదూ" అంది. ఔనన్నాను. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టుంది నా పని.

ఆగస్టు 22, శుక్రవారం

గ్రేడు ఇచ్చే పీర్ టీమ్ సెప్టెంబరు చివర్లో వస్తోంది. కాలేజీకి పెళ్ళి కళ వచ్చింది. సున్నాలు, ఫైళ్ళు, చెట్లకి పేరు పలకలు. పోయినసారి నేను అద్దె పూలకుండీలు తెప్పించి మెట్ల పొడుగునా పెట్టించాను. జెస్సీ వద్దంది. "మనకున్నవే చూపిద్దామక్కా." అంటే నేను లేనివి చూపించానని.

ఇలాంటప్పుడు ముందుగా ఒక ఉత్తుత్తి టీమ్‌ని కూర్చోబెట్టి రిహార్సల్ చేసుకోవడం అన్ని కాలేజీల్లోనూ ఉన్నదే. మాక్ విజిట్ అంటాం. దానికి చైర్‌పర్సన్‌గా నన్ను ఉండమంది జెస్సీ. "మీరైతే మొహమాటం లేకుండా అడుగుతారక్కా. నన్ను ఉతికి ఆరెయ్యండి" అంది నవ్వుతూ.

అడిగింది తనే. గుర్తుంచుకోవాలి ఈ సంగతి.

సెప్టెంబరు 10, బుధవారం

ఈ రోజు మాక్ విజిట్. రాయకుండా నిద్ర పట్టేలా లేదు, అంత బాగా జరిగింది.

మైసూరు సిల్కు కట్టుకున్నాను. మర్యాదలు కూడా రిహార్సల్ చెయ్యాలి కాబట్టి గేటు దగ్గర హారతి ఇచ్చారు, శాలువా కప్పారు, తలకి మైసూరు పేటా పెట్టారు. పేటా కొంచెం వదులు. అయినా తీయలేదు. నా ముందు చైర్‌పర్సన్ అని పలక, అటు హేమలత, ఇటు పీటీ మాస్టర్. ఎదురుగా, నిలబడి సమాధానాలు చెప్పాల్సిన చోట, జెస్సీ.

మొదట లైబ్రరీ అడిగాను, చెప్పింది. ఉద్యోగాల గురించి అడిగాను, చెప్పింది. ప్రతిదానికీ చెబుతోంది. హాల్లో అందరి మొహాలూ వెలుగుతున్నాయి. నేను పరీక్ష పెట్టడానికి వచ్చానా, ఆమెకి హారతి పట్టడానికి వచ్చానా అనిపించింది.

అప్పుడు అడిగాను. రాత్రే అనుకున్న ప్రశ్న. ఆమెకి ఎక్కడ నొప్పి పుడుతుందో నాకు తెలుసు. ప్రతి మీటింగులోనూ బాటనీ బాటనీ అంటుంది కదా. పైగా అది నా డిపార్ట్‌మెంటే. నేనే అడిగితే కక్ష అని ఎవరనుకుంటారు? నిష్పక్షపాతం అంటారు.

"మీ బాటనీలో మొదటి ఏడాది ఆరుగురు. చెప్పేవాళ్ళు ముగ్గురు. అదే జాగాలో కొత్త కోర్సుకి అరవై మంది వస్తారు. ఒక మేనేజ్‌మెంట్ ఇంకా బాటనీ ఎందుకు నడపాలి, ప్రిన్సిపాల్ గారూ?"

 జెస్సీ హాలు వెనక్కి చూసింది. నేనూ చూశాను. ఎప్పుడొచ్చాడో, చివరి వరసలో వెంకటరాయప్ప గారు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. తర్వాత ఆమె నా వైపు చూసింది.

"సమాధానం లేదని రాసుకోవచ్చా?" అన్నాను. పీటీ మాస్టర్ కిసుక్కున నవ్వాడు. హాల్లో చాలామంది నవ్వారు.

"రాసుకోండి మేడమ్" అంది. అక్కా అనలేదు.

ఇంటికొచ్చి సేమ్యా పాయసం చేశాను. "ఏంటి విశేషం?" అన్నాడు ఓంకార్. ఊరికే అన్నాను.

సెప్టెంబరు 11

కారిడార్‌లో ఆపింది. "ఆ ప్రశ్న టీమ్ అడిగితే నా దగ్గర ఆన్సర్ ఉందక్కా. కానీ సెక్రటరీ గారి ముందు, మీ నోటితో..." అంది.

"మొహమాటం లేకుండా అడగమంది మీరే కదా" అన్నాను.

ఇంకేదో చెప్పబోయింది. నాకు క్లాసుందని వచ్చేశాను. క్లాసు లేదు.

సెప్టెంబరు 25, గురువారం

అసలు టీమ్ వచ్చి వెళ్ళింది. అసలు చైర్మన్‌కి పేటా సరిగ్గా సరిపోయింది. ఆయన బాటనీ ఎందుకని అడగనే లేదు. బొమ్మల గోడ ముందు కళ్ళద్దాలు పైకెత్తి చాలాసేపు నిలబడి, ఇది ఎవరు మొదలుపెట్టారని అడిగాడు.

"కాత్యాయని మేడమ్. నేను ఆమె దగ్గర నేర్చుకున్నాను" అంది జెస్సీ. అందరి ముందూ, నా భుజం మీద చెయ్యేసి.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నాది తీసి నాకే ఇచ్చింది. ఇవ్వకపోతే ఒక కోపం. ఇస్తే ఇంకో కోపం. ఆమె ఇస్తే పుచ్చుకునే స్థితికి వచ్చానన్నదే నా కడుపుమంట. చైర్మన్ నాతో చెయ్యి కలిపాడు కానీ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి.

అక్టోబరు 9, గురువారం

వెంకటరాయప్ప గారు ఇంటికి పిలిపించుకున్నాడు. కాఫీ ఇచ్చాడు. మంచి గ్రేడు వస్తుందట. ఆ సంతోషంలోనే చెప్పాడు, వచ్చే ఏడాది నుంచి బాటనీ ఉండదని. పై క్లాసులవాళ్ళు ఇక్కడే పూర్తి చేస్తారు. మొదటి ఏడాది ఆరుగురూ ఈ సెమిస్టర్ రాసి, సిటీలో వేరే కాలేజీకి మారాలి.

 "ఎందుకండీ?" అన్నాను.

"అదేమమ్మా, మీరే అడిగితిరి కదా, ఎందుకు నడపాలని. జూన్ నుంచి జెస్సీ మేడమ్‌ది ఒకటే మాట. కాత్యాయని మేడమ్ ఒప్పుకోరు, ఆమె ప్రాణం అది, ఆమెని అడక్కుండా దాని జోలికి పోవద్దండి, అని. నేనూ సుమ్మనే ఊరకుంటిని. ఇన్నేళ్ళు చేసిన మనిషి, మీ మాట తీసేస్తానా? ఇప్పుడు మీ మనసులో కూడా అదే ఉండాదని తెలిసిపోయె."

"అది ఉత్త రిహార్సలండీ."

"రిహార్సల్లోనే కదమ్మా నిజం మాట వచ్చేది" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "జెస్సీ మేడమ్ ఈ పని చెయ్యనని రాజీనామా ఇచ్చేసింది. ఇంక మీరే కూర్చోండి. ఈసారి ఇన్‌చార్జి కాదు."

ఆలోచించుకుని చెబుతానని అందామనుకున్నాను. "సరేనండి" అన్నాను. ఎంత త్వరగా అన్నానంటే, ఆయన కప్పు ఇంకా నోటి దాకా వెళ్ళలేదు.

అక్టోబరు 10

నా పేరు అడ్డం పెట్టి నా డిపార్ట్‌మెంట్‌ని కాపాడింది. నేను నా నోటితోనే కూర్చున్న కొమ్మని నరుక్కున్నాను. ముందే చెప్పొచ్చు కదా నాకు. ఎందుకు చెప్పలేదు? గొప్ప కోసం.

చెప్పబోయింది. క్లాసుందన్నాను.

అక్టోబరు 13, సోమవారం

జెస్సీ వెళ్ళిపోయింది. దేవనహళ్ళి దగ్గర ఏదో చిన్న కాలేజీ, హాస్టల్ ఉన్నదట, అక్కడ చేరుతోంది. పిల్లలు గేటు దాకా వెళ్ళారు. కామర్స్ పిల్లలు కూడా. అంజినమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను ఎప్పుడైనా వెళ్ళిపోతే అంజినమ్మ ఏడుస్తుందా అని చూస్తూ నిలబడ్డాను.

కారు ఎక్కే ముందు నా దగ్గరికి వచ్చింది. తిడుతుందేమోనని సిద్ధంగా ఉన్నాను. తిడితే బాగుండేది.

"అక్కా, ఇప్పుడు కూడా మీరు వద్దంటే ఆగుతుంది. ఆయనకి కొత్త మనిషిని వెతకడం ఇష్టం లేదు. మీరు గట్టిగా ఉంటే చాలు."

"చూస్తాను" అన్నాను.

"ఆరుగురే అక్కా. కానీ ఆ ఆరుగురిలో జ్యోతి రెండు బస్సులు మారి సిటీకి పోదు. వాళ్ళ నాన్న పంపడు. మీకు నాకంటే బాగా తెలుసు."

అక్టోబరు 17, శుక్రవారం

అడిగాను. నిజంగా అడిగాను. "ఈ బ్యాచ్ వరకైనా ఇక్కడే ఉంచితే" అన్నాను వెంకటరాయప్ప గారితో.

ఆయన కోప్పడలేదు. "మీకు కష్టంగా ఉంటే చెప్పండమ్మా, బలవంతం లేదు. హేమలత మేడమ్‌ని అడుగుతాం" అన్నాడు.

హేమలత! కామర్స్ హేమలత ఆ కుర్చీలో!

కష్టమేం లేదండీ అన్నాను.

అక్టోబరు 18

హేమలతకి పాలన రాదు. కాలేజీ నాశనమైపోతుంది. నేను లోపల ఉంటేనే ఏమైనా మంచి చెయ్యగలను. ఇది కుర్చీ కోసం కాదు.

అక్టోబరు 27, సోమవారం

బాటనీ ల్యాబులో ఆరుగురినీ కూర్చోబెట్టి చెప్పాను. ఫీజు మార్పిడి అంతా ఆఫీసు చూసుకుంటుందని, సిటీ కాలేజీలో పెద్ద ల్యాబు ఉంటుందని, ఇది మీ మంచికేనని. ప్రిన్సిపాల్ గొంతుతో చెప్పాను. బాగానే వచ్చింది.

ఐదుగురు తలలు వంచుకున్నారు. జ్యోతి వంచలేదు.

"మేడమ్, ఒగ మాట అడగొచ్చా?"

"అడగమ్మా."

"మీరే అడిగినారంట కదా, బాటనీ ఎందుకు నడపాలని."

పీటీ మాస్టర్ నవ్వు ఎంత దూరం పోయిందో అప్పుడు తెలిసింది. అది ఊరికే రిహార్సల్ కోసం అడిగిన ప్రశ్న అన్నాను.

"జెస్సీ మేడమ్ జవాబు చెప్పలేదంట. మాకు తెలుసు మేడమ్ జవాబు. మమ్మల్ని అడిగింటే చెప్పింటిమి." నా వైపే చూస్తూ చెప్పుకుపోయింది. "ఉపన్యాసానికి వచ్చిన దినం నా చేతికి తుమ్మిపువ్వు ఇచ్చి, నువ్వు ఇదే చదవాల, ఇదే నీది అని చెప్తిరి. మా నాయనతో కొట్లాడి చేరినాను. అదీ జవాబు."

 సమాధానం లేదని రాసుకోవచ్చా అని అడిగేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

"మీ నాయన సిటీకి పంపిస్తాడా?" అన్నాను చివరికి.

"పంపించడు మేడమ్. జెస్సీ మేడమ్ శనివారం షెడ్డు కాడికి వచ్చి నాయనతో మాట్లాడిపోయినాది. వాళ్ళ కాలేజీ హాస్టల్లో పెట్టుకుంటాదంట. బస్సు మారే పనే లేదు, నా కంటి ముందర ఉంటాది అని చెప్పినాది. నాయన సరే అన్న్యాడు."

మంచిదమ్మా అన్నాను. నిజంగా మంచిదే. పిల్ల చదువు ఆగలేదు, ఎవరైనా సంతోషించాలి. నేను ఆ షెడ్డు గుమ్మం ఎప్పుడూ తొక్కలేదని, దారి కూడా తెలియదని గుర్తొచ్చింది.

వెళ్ళేటప్పుడు జ్యోతి సంచిలోంచి ఏదో తీసింది. నాకేమోనని చెయ్యి కొంచెం ముందుకు పెట్టాను కూడా. తన రికార్డు పుస్తకం తీసి, సంచిలో సరిగ్గా సర్దుకుని వెళ్ళిపోయింది.

నవంబరు 3, సోమవారం

కుర్చీలో కూర్చున్నాను. అంజినమ్మ బీరువాలోంచి పాత టవల్ తీసి, ఇస్త్రీ చేసి, వేసి ఉంచింది. దండ హేమలత వేసింది. ఆమె నవ్వు నాకు బాగా తెలిసిన నవ్వు.

మధ్యాహ్నానికి వీపంతా చెమట. ఉక్కపోత. టవల్ తీసేయమన్నాను. జెస్సీ తీసిందని కాదు.

సాయంత్రం ల్యాబు కొలతలు తీసుకోవడానికి మనుషులు వచ్చారు. గోడ మీది బొమ్మలు ఎవరికివ్వాలని అడిగారు. పిల్లలవి పిల్లలకి ఇచ్చేయమన్నాను. ఉత్తరేణి బొమ్మ అప్పటికే లేదు. ఎవరో జాగ్రత్తగా, గోడకి పెచ్చు లేవకుండా తీసుకుపోయారు.

ఓంకార్ స్వీటు తెచ్చాడు. "ఇంకేం, ఆమె పోయింది, నువ్వొచ్చావు. మంట చల్లారిందా?" అన్నాడు.

చల్లారిందన్నాను. ఇక్కడ మాత్రం అబద్ధం రాయను. ఆమె గది నాది అయింది, ఆమె సంతకం చోట నా సంతకం ఉంది, కింద చిన్న అక్షరాలు కూడా లేవు. అయినా సాయంత్రం అంతా ఆమె గురించే ఆలోచిస్తున్నాను. చెయ్యను అని ఒక్క మాట అని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. నాకు ఆ మాట జూన్‌లో రాలేదు, అక్టోబరులో రాలేదు, ఈ రోజూ రాలేదు.

అది అన్యాయం కాదు, బాధ కాదు. అసూయే.

నవంబరు 4

పొద్దున కాలేజీకి నడిచి వెళ్తుంటే గోడ వారన తుమ్మి పూసి ఉంది. కోసి, గదిలోకి తీసుకెళ్ళాను. చూపించడానికి ఎవరూ లేరు. టేబుల్ మీద పెట్టుకుని పని చేసుకున్నాను.